కొలత అడుగని ప్రేమ

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 2:18-19, 17:38-39, యోహాను 19:23-24



రోహిణి కార్తెలో ఉన్ని స్వెట్టరు అల్లుచున్న మనిషిని మీరెన్నడైనను చూచితిరా? మేము చూచితిమి. తెనాలి నుండి రేపల్లె పోవు రైలు మార్గమునకు దగ్గరలో నున్న మా గ్రామములో, ఒక శనివారము మధ్యాహ్నము, గుడి వరండాలో స్త్రీల సమాజము కూడినది. వేపచెట్టున ఒక్క ఆకు కదలుట లేదు. అందరును పమిట చెంగులతో విసరుకొనుచుండగా, మా సంఘములోని పెద్దమ్మ ఒకతె మాత్రము గొర్రెపిల్లంత ఉన్నిని ఒడిలో పెట్టుకొని సూదులాడించుచున్నది. అరచేతుల చెమటకు ఉన్ని బిగిసికొనిపోవుచున్నది. ప్రతి వరుసకును ఆమె చేతులు తుడుచుకొనుచున్నది.

"పెద్దమ్మా, ఎండకు చలేస్తుందా?" అని గోడ మీద కూర్చున్న కుర్రవాండ్రు నవ్విరి.

"నాకు కాదురా నాయనా, మావాడికి. అక్కడ చెరువులు గడ్డకడతాయంట, వాటి మీద మనుషులు నడుస్తారంట" అన్నది ఆమె, తల యెత్తకుండనే.

ఆమె కుమారుడు అమెరికాలో మినియాపోలిస్ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. అక్కడ జనవరి రాత్రులలో చలి సున్నకు ఇరువది డిగ్రీల దిగువకు దిగును. అతడు పోయి ఎనిమిదేండ్లయినది. ఆ ఎనిమిదేండ్లలో రెండు పర్యాయములే ఇంటికి వచ్చెను. కడపటి రాకకు ఇప్పటికి నాలుగేండ్లు.

ఆ అల్లికను గూర్చి కొంచెము చెప్పవలెను. మా ఆలోచన దానిలోనుండియే పుట్టినది. సాధారణముగా స్వెట్టరును క్రింది అంచు నుండి మొదలుపెట్టి ముక్కలుగా అల్లుదురు. ముందు భాగమొకటి, వెనుక భాగమొకటి, చేతులు రెండు. పిమ్మట వాటిని ఒకదానితో నొకటి అతుకుదురు. పెద్దమ్మ అట్లు చేయలేదు. ఆమె వదిన బాపట్లలో అమెరికన్ బాప్టిస్టు మిషను వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చదివిన మనిషి. ఆమె నేర్పిన పద్ధతి వేరు. మెడ యొద్దనే మొదలుపెట్టవలెను. 96 కుట్లు సూదికెక్కించుకొని, భుజములకు నాలుగు మూలలు గురుతు పెట్టుకొని, ఒక వరుస విడిచి ఒక వరుసకు మూలకు రెండేసి చొప్పున ఎనిమిది కుట్లు పెంచుకొనుచు దిగవలెను. అట్లు ముప్పది మారులు పెంచగా 336 కుట్లగును. గొడుగు విప్పినట్లు భుజముల మీద అల్లిక పరచుకొనును. చంకల యొద్దకు రాగానే చేతుల కుట్లను వేరొక దారమునకెక్కించి ప్రక్కకు పెట్టి, మిగిలిన దానిని చుట్టును త్రిప్పుచు నడుము దాక దింపవలెను. చేతులు కట్టకడపట. ఎక్కడను అతుకుండదు.

ఈ పద్ధతిలో మేలేమనగా, పని నడుచుచుండగనే తొడిగి చూడవచ్చును. సూది తీసి, కుట్లన్నిటిని పొడవైన దారమునకెక్కించి, ఎవరి కొరకు అల్లుచున్నామో ఆ మనిషి తల మీదుగా దింపి, ఇక్కడ చాలినది, ఇక్కడ చాలలేదు అని తెలిసికొనవచ్చును. పొడవు ఎంతయో ముందుగా నిర్ణయింప నక్కరలేదు. బిడ్డ ఎదిగినచో క్రింది అంచు విప్పి మరి నాలుగు వ్రేళ్ళు అల్లవచ్చును.

మన ప్రభువు సిలువ యొద్ద విడిచిన అంగీయు అతుకు లేనిదే, పైనుండి క్రిందివరకు ఒకటిగా నేసినదే అని యోహాను వ్రాసెను. అది మగ్గపు నేత, ఇది సూదుల అల్లిక. రెంటిని ఒకటి చేసి మాటలాడినచో చీరాల నేతగాండ్రు మమ్మును చూచి నవ్వుదురు. ఐనను పెద్దమ్మ ఆ వాక్యమును తలచుకొనియే మెడ యొద్ద మొదటి కుట్టు వేసెనట. తొడిగి చూచుటకు మనిషి యెదుట లేడని అప్పుడు తలపునకు రాలేదనెను.

ఇక జడలు. సాదా అల్లిక ఆమెకు నచ్చలేదు. ముందు నాలుగు, వెనుక నాలుగు, త్రాళ్ళవలె మెలికలు తిరిగిన జడలు వేసినది. కొన్ని కుట్లను చిన్న మూడవ సూదికెక్కించి ముందుకో వెనుకకో నిలిపి, తరువాతి కుట్లను ముందుగా అల్లి, నిలిపినవాటిని పిమ్మట అల్లినచో ఒక పాయ మరియొక పాయను దాటును. చూచుటకు అందమే. అయితే జడ వేసినకొలది బట్ట లోపలికి లాగుకొనును. సాదాగా ఏబది అంగుళములు వచ్చు కుట్లకు జడలు వేసినచో అంత వెడల్పు రాదు, కుట్లు పెంచవలెను, ఉన్నియు ఎక్కువ కావలెను. నూరు గ్రాముల ఉండలు పండ్రెండు పట్టినవి. తెనాలిలో కొన్నారు, ఒక్కసారిగా కాదు. పాల డబ్బులు చేతికి వచ్చినప్పుడెల్ల రెండేసి, మూడేసి.

ఆ శనివారము సమాజములో బియస్సీ చదివిన ఒక అమ్మాయి అల్లికను చేతితో కొలిచి చూచి, "పెద్దమ్మా, చుట్టూ యాభై అంగుళాలుంది. అన్నయ్యకి ఛాతీ ఎంత?" అని అడిగినది.

"తెలీదమ్మా. ఏదైనా పడుతుందిలే అని పెద్దది పెట్టాను."

"ఫోన్ చేసి అడగరాదా? నిమిషం పని."

పెద్దమ్మ మారు పలుకలేదు. అంతకుముందే లెక్కపెట్టిన కుట్లను మరల మొదటినుండి లెక్కపెట్టుకొన్నది.

మేము ఇంటికి వచ్చి ఆలోచించితిమి. కొలత అడుగక పెద్దదిగా చేసి యిచ్చుట ఔదార్యమా? లేక అడుగుట తప్పించుకొనుటకు ఒక ఉపాయమా? చూచుటకు చిన్న ప్రశ్న. మాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కొలత లేని బట్ట మన దేశమునకు క్రొత్త కాదు. చీరకు కొలత యేది? తల్లి కట్టిన చీరనే కుమార్తె కట్టును, సన్నని మనిషి కుచ్చెళ్ళు నాలుగెక్కువ పెట్టుకొనును. పంచెయు అంతే. గొల్లలు, కురుమలు కప్పుకొను గొంగళికి భుజమెక్కడ, చంక యెక్కడ? మన పూర్వులు బట్టను మనిషికి తగినట్లు కోయలేదు, మనిషియే బట్టను తనకు తగినట్లు సర్దుకొనెడివాడు. కుట్టిన బట్ట వచ్చిన తరువాతనే కొలత వచ్చినది. అప్పుడైనను పేదతల్లి లంగా అంచున మూడు మడతలు పెట్టి కుట్టించెను. ఏటేట ఒక మడత విప్పుకొనవచ్చును గదా. అది లోభము కాదు, వివేకము. దానిని మేము ఆక్షేపింపము.

అయితే మా తప్పిదమొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసుకు మా సంఘము పక్షమున పేద పిల్లలకు చొక్కాలు కొంటిమి. కొనువారిలో మేమును ఉంటిమి. కొలతలు తీయుటకు ఇంటింటికి తిరుగవలెను, ఎవరికి ఓపిక? "ఎదిగే పిల్లలు, పెద్దవే తీసుకుందాం" అని అన్నియు ఒకే పెద్ద కొలతలో తెచ్చితిమి. పండుగనాడు తొమ్మిదేండ్ల బాలుడొకడు మోకాళ్ళు దాటు చొక్కాతో గుడికి వచ్చెను. తోడి పిల్లలు నైటీ అని పిలిచిరి. వాడు ఆరాధన ముగియకముందే వెళ్ళిపోయెను, మరుసటి వారము రాలేదు, ఆ తరువాతను చాలకాలము రాలేదు. మా పద్దులో మాత్రము చొక్కాలు ఇరువదినాలుగు అని చక్కగా వ్రాసియున్నది.

ఆ బాలుని తలచుకొనుచు మేము హన్నాను గూర్చిన వాక్యము తెరచితిమి. కుమారుని దేవునికి అర్పించి షిలోహులో విడిచి వచ్చిన తల్లి ఆమె. ఏటేట బలి అర్పించుటకు పెనిమిటితో కూడ పోవునప్పుడు వానికొక చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెడిదని వ్రాయబడియున్నది. ఎన్నిసారులు చదివినను మేము గమనింపని సంగతి ఇది: ఆ అంగీ చిన్నది, అదియు ప్రతి యేటను క్రొత్తది. పది యేండ్లకు సరిపడు పెద్ద అంగీ ఒక్కటి కుట్టి ఇచ్చి, "ఎదిగి తొడుక్కో" అని హన్నా చెప్పలేదు. నిరుడు చూచిన భుజములను గురుతుంచుకొని, ఈ యేడు ఎంత పెరిగియుండునో ఊహించి కుట్టి, పోయి తొడిగి చూచి, వచ్చు సంవత్సరమునకు మరల కొలత కండ్లతో తెచ్చుకొన్నది. ఆమె ఇచ్చిన కానుక అంగీ యెంతయో, ఆ చూపును అంతే.

సౌలు దీనికి భిన్నుడు. గొల్యాతు మీదికి పోవు దావీదునకు తన యుద్ధవస్త్రములనే తొడిగించెను. ఇచ్చినవాడు రాజు, ఇచ్చినది శ్రేష్ఠమైనది, ఇచ్చిన ఉద్దేశము మంచిదే. పుచ్చుకొన్నవాడు మాత్రము నడువలేకపోయెను. దావీదు వాటిని తీసివేయుటకు సిగ్గుపడలేదు. తీసివేయు ధైర్యము లేక మనమిచ్చినవాటిని మోయుచున్న పిల్లలు మన సంఘములో ఎందరున్నారో! మనము చదువలేని చదువును వారి మీద తొడిగితిమి, మనకు దొరకని ఉద్యోగమును తొడిగితిమి, కొందరికి మన కోపములను కూడ తొడిగితిమి.

తరువాతి శనివారము స్త్రీల సమాజమునకు వాక్యము చెప్పు వంతు మాదే. పైన వ్రాసినదంతయు చెప్పితిమి. బాగుగా చెప్పితిమని మాలో మేము అనుకొంటిమి కూడ. పెద్దమ్మ అంతయు విని, సూదులు ఒడిలో పెట్టి, ఇట్లనెను:

"అయ్యగారూ, మీరు చెప్పింది నిజమే. కానీ నాకు కొలత తెలియకుండా ఒకరు ఇచ్చింది వేసుకునే నేను బతికాను."

1977 నవంబరు 19వ తేదీని మన ప్రాంతమువారికి క్రొత్తగా చెప్పవలెనా? కృష్ణకు ఆవలి ఒడ్డున దివిసీమను ఉప్పెన ముంచెను, వేలాదిమంది మరణించిరి. ఈవల రేపల్లె ప్రాంతమును గాలి, నీరు చిందరవందర చేసెను. బాపట్లలో ప్రార్థనామందిరములో తలదాచుకొన్నవారి మీద ఆ మందిరమే కూలెను. పెద్దమ్మకు అప్పుడు పదియేండ్లు. ఇల్లు పోయినది, గడ్డివామి పోయినది. తడిసిన బట్టలు వారము వరకు ఆరలేదు. పిమ్మట సహాయపు మూటలు వచ్చెను. వారి ఇంటి పాలికి వచ్చిన మూటలో ఒక ఉన్ని స్వెట్టరుండెను. ఎవరో దూరదేశపు బలిష్ఠుడు విడిచినది కాబోలు, ఆమెకు పాదముల దాక వచ్చెనట.

"అందరూ నవ్వారు. మా అమ్మ నవ్వలేదు. రాత్రిపూట నన్నూ, మా చెల్లెల్నీ, తమ్ముణ్ణీ ముగ్గుర్నీ అందులో దూర్చి పడుకోబెట్టేది. నా తల మెడలోంచి బయటికొచ్చేది, వాళ్ళిద్దరి తలలూ చేతుల్లోంచి రావటానికి చూసేవి. అది నా కొలతకొచ్చుంటే మా తమ్ముడు ఆ చలికి ఏమైపోయేవాడో!"

ఉన్నికి ఒక గుణము కలదు. తన బరువులో ఇంచుమించు మూడవ వంతు తేమను పీల్చికొని కూడ చేతికి తడిగా తోచదు, వెచ్చదనమును అంత త్వరగా విడువదు. నూలు బట్ట తడిసినచో ఒంటికంటుకొని చలిని పెంచును. ఆ నవంబరులో, ఆ తడినేల మీద, ఆ పిల్లలకు ఉన్నియే కావలసియుండెను. అది ఎవరి ఒంటికి సరిపోయినది కాకపోయినను.

మేము మాటలాడక కూర్చుంటిమి. మా వాక్యము సగము కూలినట్లుండెను. తాను ఎవరికిచ్చుచున్నాడో ఎరుగనివాడు పెద్దదిగా ఇచ్చుట తప్పెట్లగును? నరసాపురము ప్రాంతమున మిషనరీల వలన లేసు అల్లిక నేర్చుకొన్న స్త్రీలు, తరతరములుగా, తామెన్నడు చూడని మెడలకు అంచులు అల్లిరి. ఆ శ్రమను గూర్చి మరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో ఒక గ్రంథమే ప్రకటించినది; లోకమంతట అమ్ముడుపోవు వస్తువు చేయుచున్న ఆ స్త్రీలను ఊరిలో పనివారుగనే లెక్కింపలేదని అందు చూపినది. అది వేరొక దుఃఖము, మరియొకప్పుడు వ్రాయుదుము. ఎరుగనివారి కొరకు చేయు పనిలో కూడ ప్రేమ యుండవచ్చునని ఒప్పుకొనుటకే ఇక్కడ చెప్పితిమి.

అయినను ఇంటికి పోవు త్రోవలో మాకొకటి తోచినది. ఉప్పెన మూటకు స్వెట్టరునిచ్చినవాడు అడుగలేడు. సముద్రము నడుమనున్నది, పేరు తెలియదు, భాష తెలియదు. అడుగలేడు గనుక పెద్దదిచ్చెను. పెద్దమ్మ అడుగగలదు. చేతిలో ఫోనున్నది, ఆదివారము రాత్రి కుమారుని ముఖము దానిలో కనబడును. అడుగలేనివాని పెద్దచేయి వేరు, అడుగగలిగియు అడుగనివాని పెద్దచేయి వేరు. క్రిస్మసు చొక్కాల దినమున మేము రెండవ తెగవారము.

ఆ మాటను ఆమెతో ఎట్లు చెప్పవలెనో తెలియక కొన్నాళ్ళు ఊరకుంటిమి. చివరకు ఆమెయే చెప్పినది. రేపల్లె బండి కొరకు ఎదురుచూచుచు స్టేషను అరుగు మీద కూర్చున్నప్పుడు, మేము అడుగకుండనే.

"అడగటానికి నాకు భయమండీ అయ్యగారూ. నాలుగేళ్ళ క్రితం వచ్చినప్పుడు పెళ్ళి సంగతి అడిగాను. తర్వాత గుడికి వెళ్తున్నావా అని అడిగాను. వాడు గిన్నె ముందర్నుంచి లేచిపోయాడు. అప్పట్నుంచీ ఫోన్లో 'తిన్నావా' అంటాను, 'తిన్నానమ్మా' అంటాడు. ఇంకేం అడిగినా తెగిపోతుందేమోనని. వాడు ఎదుగుతాడని కాదు నేను పెద్దది పెట్టింది. వాడెంతున్నాడో నాకు తెలియదు. తెలియదని వాడికి తెలియకూడదని."

మేమేమి చెప్పగలము? తల్లి తన కుమారుని కొలత ఎరుగదని ఒప్పుకొనుట కంటె పండ్రెండు ఉండల ఉన్ని అల్లుట ఆమెకు సులభమైనది. ఇది పెద్దమ్మ ఒక్కతె సంగతి కాదు. మా ఇండ్లలో "తిన్నావా" అను మాటకు మించి పోని సంభాషణలు లెక్కకు మించియున్నవి, పాస్టర్ల ఇండ్లలో కూడ.

ఇట్టి జడల స్వెట్టర్లకు పేరుపొందిన చోటు ఐర్లండు పడమటి సముద్రములోని అరాన్ దీవులు. అక్కడ మునిగి చనిపోయిన జాలరులను, ఒంటి మీది స్వెట్టరు జడలనుబట్టి ఏ ఇంటివాడో గుర్తించెడివారని లోకమంతట ఒక కథ చెప్పుకొందురు. అది చరిత్ర కాదు. 1904లో జాన్ సింజ్ వ్రాసిన నాటకమొకటి ప్రదర్శింపబడెను. అందులో మునిగిపోయిన అన్నను చెల్లెలు అతని మేజోడునుబట్టి గుర్తుపట్టును, తాను అల్లునప్పుడు జారవిడిచిన కుట్లను లెక్కించి. ఆ కథకు మూలము అక్కడ నున్నదని పరిశోధకులందురు. మా సముద్రతీరమున ఆ నవంబరులో గుర్తింపలేని దేహములను చూచినవారికి ఆ కథ ఏల పుట్టెనో వేరుగ చెప్ప నక్కరలేదు. అయితే బట్టను గుర్తుపట్టుట మనిషిని ఎరుగుట కాదు. యాకోబు ముందర రక్తములో ముంచిన అంగీని పెట్టినప్పుడు, అది యోసేపుదేయని అతడు సరిగానే గుర్తుపట్టెను. తాను చేయించిన అంగీ గదా! కుమారుని స్థితిని గూర్చి మాత్రము పూర్తిగా పొరబడెను. అంగీ చేతిలోనున్నది, బిడ్డ ఐగుప్తు త్రోవలో సజీవుడై యున్నాడు.

ఈ మాట పెద్దమ్మతో చెప్పితిమి. ఆమె ఏమియు అనలేదు. బండి వచ్చినది, ఎక్కినది.

రెండు వారముల తరువాత సమాజములో ఆమె ముఖము వాడియుండెను. అడిగినదట. ఆదివారము రాత్రి, "తిన్నావా" అయిన తరువాత, ఫోను పెట్టివేయుదురనగా, "అబ్బాయ్, నీ ఛాతీ ఎంతరా ఇప్పుడు?" అని. అతడు కొంతసేపు పలుకలేదట. "ఎందుకమ్మా?" "స్వెట్టరల్లుతున్నా." మరల మౌనము. పిమ్మట లేచిపోయి టేపు తెచ్చి కొలుచుకొని వచ్చెను కాబోలు.

"ముప్పై ఎనిమిదమ్మా."

ఇక్కడినుండి పోవునప్పుడు అతడు నలుబదినాలుగు అంగుళముల చొక్కా తొడిగెడివాడు. బొద్దుగా నుండెడివాడు, మేమును ఎరుగుదుము. ఆరంగుళములు ఎక్కడికి పోయినవి? ఫోనులో ముఖమే కనబడును, అదియు వెలుతురు తక్కువ. అప్పుడు అతడు చెప్పెను. నిరుటి చలికాలమున రెండు నెలలు జబ్బుపడెనట, ఆసుపత్రిలో కూడ ఉండెనట, ఉద్యోగము కొంతకాలము పోయి మరల దొరకెనట. "నీకు చెబితే భయపడతావని చెప్పలేదమ్మా" అనెనట. తల్లి అడుగుటకు భయపడినది, కుమారుడు చెప్పుటకు భయపడినాడు. ఇద్దరును "తిన్నావా", "తిన్నాను" అని ఆ రెండు నెలలును గడిపిరి. ఆ రాత్రి వారు గంటన్నర మాటలాడుకొనిరట. గుడి సంగతి ఆమె ఎత్తలేదు. పెండ్లి సంగతియు ఎత్తలేదు.

ఇప్పుడు స్వెట్టరు మాట. ఏబది అంగుళముల స్వెట్టరు, ముప్పది యెనిమిది అంగుళముల మనిషి. పైనుండి అల్లినదానిని క్రిందినుండి విప్పుట సులభమే; దారము లాగినచో వరుస వెంబడి వరుస వచ్చును. అయితే వెడల్పు తగ్గించుటకు నడుము విప్పినంత మాత్రమున చాలదు, భుజముల దాక పోవలెను, జడలన్నియు పోవలెను. నాలుగు నెలల పని. సమాజములోని స్త్రీలు రెండు పక్షములైరి. కొలత తెలిసిన తరువాత విప్పకుండుట సోమరితనమని కొందరు, ఉన్నిని అన్నిసారులు విప్పి అల్లినచో నలిగిపోవునని కొందరు. ఇప్పుడక్కడ వదులు స్వెట్టర్లే వేడుకగా వేసికొనుచున్నారని బియస్సీ అమ్మాయి. మేము విప్పవలెననియే తలంచితిమి. హన్నాను గూర్చి అంత చెప్పి మరియొకటి ఎట్లు చెప్పుదుము?

పెద్దమ్మ మమ్మును అడుగలేదు, వానినే అడిగినది. "విప్పి మళ్ళీ అల్లమంటావా?"

"వద్దమ్మా. పెద్దదే కానీ. లోపల ఇంకో రెండు వేసుకుంటాను. చేతులు మాత్రం పొడుగ్గా పెట్టు, వేళ్ళ దాకా రావాలి. జబ్బు చేసిన దగ్గర్నుంచీ వేళ్ళు తొందరగా చల్లబడుతున్నాయి."

ఆ విధముగా స్వెట్టరు మునుపటివలెనే యుండెను. నడుములో ఒక్క కుట్టును తగ్గలేదు. ఆ శనివారము బియస్సీ అమ్మాయి మాతోకూడ గుడి మెట్లు దిగుచు, "అయ్యగారూ, అడక్కముందు అల్లిందీ, అడిగిన తర్వాత అల్లిందీ ఒకటే స్వెట్టరు కదా. మరి ఇది వేరేదని నాకెందుకనిపిస్తుంది?" అని అడిగినది. మేము వెంటనే ఉత్తరమియ్యలేకపోతిమి. ఇప్పటికిని చెప్పగలమో లేదో! దానికి జవాబు మీలో ఎవరికైన తోచినచో మాకు వ్రాయుడి.

పెద్దమ్మ మొదటి చేయి ముగించినది. రెండవ చేయి మేము కడపట చూచునప్పటికి మణికట్టు దాటినది. ఇంకను నాలుగంగుళములు కావలెననెను. పండ్రెండవ ఉండ అయిపోయినది. అదే రంగు ఉండ ఇంకొకటి దొరకునేమోనని సోమవారము తెనాలి పోవుచున్నది.